పసివాడి పేర పార్టీ చందా

చందాల సంగతి మన తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. వినాయక చవితి పందిరికనీ, శ్రీరామనవమి పానకానికనీ, వరద బాధితుల సహాయ నిధికనీ ఏడాది పొడుగునా ఎవరో ఒకరు రసీదు పుస్తకం పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమవుతూనే ఉంటారు. ఇంటాయన పడక్కుర్చీలోంచి లేవకుండానే, "ఒరేయ్ అబ్బాయ్, ఈ వంద రూపాయలు నువ్వే ఇచ్చిరా. రసీదు నీ పేరనే రాయించుకో" అంటాడు. పిల్లవాడు రసీదు మీద తన పేరు చూసుకుని వారం రోజులు మురిసిపోతాడు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. ఇవ్వడమనే గుణం అబ్బాలంటే ఆ వయసులోనే అబ్బాలి.

అయితే ఆ రసీదు పుస్తకం వినాయకుడిది కాక ఒక రాజకీయ పార్టీదైతే? ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషిదైతే? అప్పుడు కూడా పిల్లవాడి పేరు రాయించవచ్చునా? ఓటు లేనివాడి నోటు ఎన్నికల్లో చెల్లవచ్చునా? మైనరు ఇచ్చిన విరాళాన్ని పార్టీలు పుచ్చుకోవచ్చునా, కూడదా? ఇదీ ఈ వారం మన ముందున్న ప్రశ్న.

మైనరంటే సిల్కు లాల్చీ, చేతికి మల్లెపూల దండ, నోట్లో తాంబూలం ఉన్న మైనరు బాబు కాదండోయ్. ఆయన దగ్గర పుచ్చుకోవడానికి ఏ పార్టీకీ అభ్యంతరం ఉండదు. నేను చెప్పేది 18 ఏళ్లు నిండని మన ఇళ్లలోని పిల్లల గురించి.

"ఇదెక్కడి ప్రశ్నండీ, పిల్లల దగ్గర డబ్బెక్కడిది?" అని కొట్టిపారెయ్యకండి. పూర్వం పిల్లల సొత్తంతా మట్టి డిబ్బీలో ఉండేది. దాన్ని పగలగొడితే చప్పుడయ్యేది, ఆ చప్పుడుకు అమ్మ వచ్చేది. ఇప్పుడు చప్పుడు లేదు. పదేళ్లు నిండిన పిల్లలు తమంత తాము సేవింగ్సు ఖాతా తెరిచి నడుపుకోవడానికి బ్యాంకులు అనుమతించవచ్చునని, ఎంత సొమ్ము వరకు అన్నది బ్యాంకులే నిర్ణయించుకోవచ్చునని 2025 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇక చేతిలో ఫోను ఉండనే ఉంది. పార్టీలు కూడా ఫోన్లోనే చందాలు అడుగుతున్నాయి. వేలితో ఒక్క తాకు తాకితే చాలు, మన అబ్బాయి దాత అయిపోతాడు. కాబట్టి ప్రశ్న మన గుమ్మం దాకా వచ్చిందనే అనుకోవాలి.

ఈ చిక్కు మనకంటే ముందు అమెరికా వాళ్లకు వచ్చింది. అక్కడ ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికలో ఇంతకు మించి ఇవ్వకూడదని హద్దు ఉంది. 2002లో చేసిన చట్టం ఆ హద్దును 2,000 డాలర్లుగా పెట్టింది. హద్దు పెట్టగానే తెలివిగలవాడు ఏం చేస్తాడు? తన పేర 2,000 ఇస్తాడు, భార్య పేర 2,000 ఇస్తాడు. తరవాత ఉయ్యాల వంక చూస్తాడు. నలుగురు పిల్లలుంటే మరో 8,000. దంపతుల హద్దు 4,000 అయితే, సంతాన భాగ్యం వల్ల అది 12,000 అవుతుందన్నమాట! పిల్లలు పుణ్యం కొద్దీ పుడతారని మన పెద్దలన్నారు గాని, ఈ రకమైన పుణ్యం వాళ్ల ఊహకు అంది ఉండదు.

దీన్ని ఆపాలనే అదే చట్టంలో ఒక నిబంధన చేర్చారు. 17 ఏళ్లు, అంతకు లోపు వయసున్నవారు అభ్యర్థులకు గాని, పార్టీలకు గాని విరాళం ఇవ్వనే కూడదన్నారు. కొందరు బాలబాలికలు దీని మీద కోర్టుకెక్కారు. "మాకు ఓటు లేకపోవచ్చు, నోరు లేదా? మాకు నచ్చిన మనిషికి మా డబ్బు ఇచ్చి బలపరిస్తే అది మా మాట కాదా?" అన్నది వాళ్ల వాదం. 2003 డిసెంబరు 10న అమెరికా సుప్రీం కోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. అంతకు ముందు 1969లో, వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని బడికి వెళ్లిన పిల్లల కేసులో, బడి గుమ్మం దాటినంత మాత్రాన పిల్లలు వాక్స్వాతంత్ర్యాన్ని పోగొట్టుకోరని అదే కోర్టు చెప్పి ఉంది. ఆ దారిలోనే ఇదీ నడిచింది. తల్లిదండ్రులు పిల్లల పేర్లు అడ్డం పెట్టుకుంటున్నారన్న మాటకు ప్రభుత్వం చూపిన సాక్ష్యం చాలదన్నది. అడ్డదారిని ఆపాలంటే పిల్లలందరినీ నిషేధించనక్కరలేదు, పిల్లలిచ్చినది తల్లిదండ్రుల హద్దులో కలిపి లెక్క కట్టడం, పిల్లలకు చిన్న హద్దు పెట్టడం, మరీ పసివాళ్లను మాత్రమే నిషేధించడం వంటి మార్గాలు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి కదా అని ఎత్తి చూపింది.

ఇప్పుడు అక్కడి నియమాల్లో మూడు షరతులున్నాయి. ఇవ్వాలన్న నిర్ణయం పిల్లవాడు తెలిసి, తన ఇష్టంతో చేసినదై ఉండాలి. ఇచ్చే సొమ్ము తనదై, తన చేతిలో ఉన్నదై ఉండాలి. విరాళం ఇవ్వమని వేరొకరు చేతిలో పెట్టిన సొమ్ము కాకూడదు. షరతులు చక్కనివే. కాని పదేళ్ల పిల్లవాడి ఇష్టంలో తనదెంత, నాన్నదెంత అని తూచే త్రాసు ఎక్కడ దొరుకుతుంది?

ఇది ఊహాగానం అనుకునేవారికి కెనడా కథ చెప్పాలి. 2006లో అక్కడ లిబరల్ పార్టీ నాయకత్వానికి పోటీ చేసిన ఒకాయనకు విరాళాలు వచ్చాయి. దాతల జాబితా చూసి పత్రికలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. అందులో 11 ఏళ్ల కవల పిల్లలున్నారు. ఒక్కొక్కరు ఇచ్చింది 5,400 డాలర్లు, అంటే అప్పట్లో ఒక మనిషి ఇవ్వగలిగిన పరమావధి. విచారిస్తే ఒక మందుల కంపెనీ అధికారుల కుటుంబాల పిల్లలు అయిదుగురు ఆ జాబితాలో తేలారు. చట్టాన్ని దాటలేదని అభ్యర్థి వాదించినా జనం నవ్వు ఆగలేదు. చివరికి ఆ అయిదుగురి పేర వచ్చిన 27,000 డాలర్లూ తిరిగి ఇచ్చివేశారు.

ఈ కథలో గమనించవలసినదేమంటే, ఆ డబ్బును వెనక్కి పంపింది కోర్టు కాదు. పుచ్చుకున్నవాడే పంపాడు. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఇంగ్లండు వాళ్లు మరో దారి తొక్కారు. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం అక్కడ పార్టీకి 500 పౌండ్లు మించి ఇచ్చే వ్యక్తి పేరు ఓటర్ల జాబితాలో ఉండి తీరాలి. చిల్లర సొమ్ముకు పట్టింపు లేదు. పెద్ద సొమ్మయితే మాత్రం ముందు ఓటరువు కమ్మంటారు.

మరి మన సంగతి? మన దేశంలో ఒక వ్యక్తి పార్టీకి ఇంతే ఇవ్వాలన్న హద్దు లేదు. కాబట్టి హద్దు దాటడానికి పిల్లల పేర్లు అక్కరలేదు. "అయితే మనకీ బెడద లేదన్నమాట" అనుకోకండి. హద్దు లేదు గాని, ఒక గీత ఉంది. 20,000 రూపాయలకు మించి ఇచ్చినవారి వివరాలను పార్టీలు ఎన్నికల సంఘానికి తెలపాలి. ఆ లోపు ఇచ్చినవాళ్ల పేర్లు ఆ నివేదికలో చేర్చనక్కరలేదు. లక్ష రూపాయలు ఒక్కడి పేర ఇస్తే పేరు బయటపడుతుంది. అదే లక్షను భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు తలా 20,000గా పంచుకుంటే ఆ అయిదు పేర్లూ బయటికి రావు. అమెరికాలో పిల్లవాడి పేరు నిచ్చెన అయితే, మన దగ్గర అది తెర కాగలదు.

తెర ఎందుకు చెడ్డదో వేరే చెప్పాలా? ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీం కోర్టు కొట్టివేసినప్పుడు చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. పార్టీలకు డబ్బు ఎవరిస్తున్నారో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉంది. జాబితాలో ఆరో తరగతి చదివే పిల్లవాడి పేరు ఉంటే ఓటరుకు ఏం తెలుస్తుంది? పేరు కనిపిస్తుంది, మనిషి కనిపించడు.

ఇక పిల్లల విషయంలో మన చట్టాలేమంటున్నాయో చూద్దాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఒప్పందానికి అర్హుడైనవాడే ఆస్తిని మరొకరికి బదలాయించగలడంటుంది. మైనరుకు మనం కానుక ఇవ్వవచ్చు. అతను మాత్రం ఉన్నది ఇచ్చేయలేడు. కన్నతండ్రి అయినా సరే, మైనరు బిడ్డ పేరనున్న ఇల్లో పొలమో అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం చెబుతుంది. పన్నుల వాళ్లు మరీ ఘటికులు. పిల్లవాడి పేర బ్యాంకులో వేసిన సొమ్ముకు వడ్డీ వస్తే సాధారణంగా అది తల్లిదండ్రుల ఆదాయంలోనే కలిపి లెక్క కడతారు. పిల్లవాడు తన ఒంటి కష్టంతోనో, తనకున్న విద్యతోనో సంపాదించుకున్నది మాత్రం విడిగా చూస్తారు. పేరు ఎవరిదైనా డబ్బు ఎవరిదో వాళ్లకు తెలుసు!

ఇన్ని చట్టాలు ఇంత జాగ్రత్త పడుతుంటే, పార్టీలు విరాళాలు పుచ్చుకునే విషయమై మన ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉన్న నిబంధన మాత్రం వయసు మాటే ఎత్తదు. ఏ వ్యక్తి అయినా స్వచ్ఛందంగా ఇచ్చినది పార్టీ పుచ్చుకోవచ్చునంటుంది. ఆ "స్వచ్ఛందంగా" అన్న మాట దగ్గరే మన ప్రశ్న అంతా ఉంది. స్వచ్ఛందమంటే తన ఇష్టం. కాదనడానికి వీలున్నప్పుడే అవుననడానికి విలువ. "ఈ డబ్బు మన పార్టీకి పంపించమ్మా" అని నాన్నగారు అంటే, "నాకిష్టం లేదు నాన్నగారూ, నేను అవతలి పార్టీకి పంపుతాను" అనగల పదకొండేళ్ల పిల్ల ఎన్ని ఇళ్లలో ఉంది? ఉన్న ఇంటికి ఒక నమస్కారం.

ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరి 5న పార్టీలకు గట్టిగా ఒక ఆదేశం ఇచ్చింది. ప్రచారంలో పిల్లలను ఏ రూపంలోనూ వాడుకోకూడదు. వాళ్ల చేత నినాదాలు చేయించకూడదు, కరపత్రాలు పంచించకూడదు, నాయకులు పిల్లలను ఎత్తుకుని ఓట్లు అడగకూడదు. సంతోషం. అయితే పిల్లవాడి చేత జెండా పట్టించకూడదన్నప్పుడు, అదే చేతిలోంచి డబ్బు తీసుకోవడం ఏ న్యాయం?

ఇంతవరకూ చదివి, "మాస్టారూ, మీరు పిల్లలను మరీ చిన్నచూపు చూస్తున్నారు" అనేవారుంటారు. వాళ్ల మాటలో బలం లేకపోలేదు. ఈనాడు పెద్దలు చేసే చట్టాల ఫలితం అందరికంటే ఎక్కువ కాలం అనుభవించవలసింది పిల్లలే. చదువుల ఖర్చు, ఉద్యోగాల కరువు, ఎండిపోయే చెరువులు, ఇవన్నీ వాళ్ల నెత్తిన పడేవే. పైగా మన చరిత్రలోనే చిన్నవాళ్లు చేసిన పెద్ద పనులున్నాయి.

1921లో గాంధీగారు కాకినాడ వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి సుమారు 12 ఏళ్లు. దేవదాసీ స్త్రీలు, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలు గాంధీగారి మాట వినాలన్నది ఆ పిల్ల పట్టుదల. ఆయనకు సమర్పించడానికి 5,000 రూపాయలు పోగుచేస్తే వీలు చూస్తామన్నారు నిర్వాహకులు. పోగుచేసింది. సభ జరిగింది. తన చేతి బంగారు గాజులు కూడా తీసి ఇచ్చేసింది. రెండేళ్ల తరవాత, 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో, ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూగారినే ఆపింది. ఆ పిల్లే పెరిగి పెద్దదై ఆంధ్ర మహిళా సభను స్థాపించింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. ఆనాడు, "నువ్వు మైనరువమ్మా, గాజులు తీసుకుపో" అని ఉంటే మన చరిత్రలో ఒక అందమైన ఘట్టం లేకుండా పోయేది గదా?

నిజమే. కాని ఆనాటి దానానికీ ఈనాటి చందాకూ తేడా చూడండి. ఆ గాజులు ఆమెవి. ఇమ్మని చెవిలో చెప్పిన పెద్దమనిషి వెనక లేడు. పుచ్చుకున్నది సీటు కోసం పోటీ చేస్తున్న అభ్యర్థి కాదు. ఇచ్చినందుకు రేపు కాంట్రాక్టు దొరుకుతుందనీ, పర్మిట్టు దొరుకుతుందనీ ఆశ లేదు. ఆనాడు ఇచ్చినవాళ్లు పోగొట్టుకున్నారే గాని సంపాదించుకోలేదు. ఇప్పటి ఎన్నికల పెద్ద విరాళాల గురించి ఆ మాట అనగలమా?

ఇంకొక సంగతి. 1934 జనవరిలో గాంధీగారు హరిజన నిధి కోసం తిరుగుతూ మలబారులోని వడకరకు వెళ్లినప్పుడు, కౌముది అనే పదహారు పదిహేడేళ్ల అమ్మాయి సభలోనే తన నగలన్నీ ఒలిచి ఇచ్చేసింది. గాంధీగారు చేయి చాపి పుచ్చుకుని ఊరుకోలేదు. తల్లిదండ్రుల అనుమతి ఉందా అని విచారించారు. వీటి బదులు మళ్లీ కొత్తవి చేయించమని అడగకూడదు సుమా అన్నారు. ఆ పిల్ల మనసు గట్టిదని తెలుసుకున్నాకే ఆ త్యాగాన్ని లోకానికి చాటారు. అక్కడ పరీక్ష జరిగింది ఇచ్చేవాళ్లకే కాదు, పుచ్చుకునేవాడికి కూడా. కళ్లలోకి చూసి అడిగి తెలుసుకోవడం తన బాధ్యత అనుకున్నాడాయన.

నేను చెప్పవచ్చిందేమంటే, పిల్లలు ఇవ్వకూడదని చట్టం చేయడం వేరు, పార్టీలు పుచ్చుకోకుండా ఉండడం వేరు. మొదటిది పిల్లల నోరు మూయడం. రెండవది పెద్దలు తమ చేయి వెనక్కి తీసుకోవడం. అమెరికా కోర్టు కొట్టివేసింది మొదటిదాన్ని. రెండవదాన్ని ఏ కోర్టూ వద్దనదు. పుచ్చుకునేవాడు ఇచ్చేవాడి కళ్లలోకి చూడగలిగినప్పుడు, అడగగలిగినప్పుడు, ఏమో, కొంత ఆలోచించవచ్చు. ఫోన్లో వచ్చి పడే సొమ్ము వెనక పిల్లవాడి మనసుందో, పెద్దవాడి ఎత్తుందో కనుక్కోవడం ఏ పార్టీ ఆఫీసు తరమూ కాదు. తెలుసుకోలేనప్పుడు పుచ్చుకోకపోవడమే మర్యాద. తప్పు పిల్లవాడి మీద పెట్టకుండా, భారం పుచ్చుకునేవాడి మీద పెట్టాలి.

ఇది చేయడానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. చందా పత్రంలో పుట్టిన తేదీ అడగాలి. 18 నిండకపోతే, "మీ అభిమానానికి కృతజ్ఞులం, ఓటు వచ్చాక రండి" అని మర్యాదగా చెప్పాలి. పొరపాటున వచ్చి పడితే, వచ్చిన ఖాతాకే తిరిగి పంపాలి. డిబ్బీ పగలగొట్టి ఇచ్చిన బాలుడంటూ ఫొటోలు వేయించుకునే సరదా కట్టిపెట్టాలి.

ఇందులో నష్టమే లేదని నేననను. సెలవుల్లో పని చేసి, తన చెమట డబ్బులోంచి అయిదు వందలు నిజంగా తన ఇష్టంతో ఇవ్వబోయే పదిహేడేళ్ల కుర్రాడు ఉంటాడు. వాడిని ఒక్క ఏడాది ఆగమంటున్నాం. వాడికి అది అన్యాయంగానే తోస్తుంది. కాని ఆ ఏడాదిలో వాడి డబ్బు వాడి దగ్గరే ఉంటుంది. అదే పదేళ్ల పిల్ల పేర పోయిన సొమ్ము, ఆ పేరుతో పడ్డ మచ్చ, రెండూ వెనక్కి రావు. పెద్దయ్యాక ఆ పిల్ల మరో పార్టీవైపు మొగ్గితే, తనకు ఊహ తెలియనినాడే తన పేరు ఒక పార్టీ పుస్తకాల్లోకి ఎక్కిందని తెలిస్తే, ఎవరిని అడగాలి?

ఇక ఇంట్లో సంగతి. రేపు మీ అమ్మాయి వచ్చి, "అమ్మా, తాతయ్య పుట్టినరోజుకిచ్చిన అయిదు వందలూ ఆ పార్టీకి పంపిస్తాను" అంటే, "నీకెందుకే రాజకీయాలు, పుస్తకం తీసి చదువుకో" అని కసరకండి. దేశం గురించి ఆలోచించే పిల్ల ఇంట్లో ఉండడం అదృష్టం. కూర్చోబెట్టుకుని, "ఎందుకు పంపుదామనుకుంటున్నావే తల్లీ?" అని అడగండి. ఆ పార్టీ ఏం చేస్తానంది, పోయినసారి ఏం చేసింది, అవతలివాళ్లు ఏమంటున్నారు, నాలుగు పత్రికలు ముందేసుకుని చదవమనండి. ఓట్లడగడానికి అభ్యర్థి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ పిల్లనే ముందుకు పిలవండి. "మా బడిలో లెక్కల మాస్టారు ఎందుకు లేరండీ?" అని అడగనివ్వండి. ఆ ఒక్క ప్రశ్నకు ఆయన తడుముకున్న తీరు చూస్తే చాలు, పిల్లల మాటకు బరువు ఎంతో తెలుస్తుంది.

పిల్లల దగ్గర నాయకులు పుచ్చుకోవలసింది అలాంటి ప్రశ్నలు. అవి ఎన్నయినా పుచ్చుకోవచ్చు, ఏ చట్టమూ అడ్డురాదు. వాటికి రసీదు కూడా అక్కరలేదు. జవాబు ఇస్తే చాలు.